అనేక జాతులున్న దేశంలో ఘర్షణలు ఎలా పుడతాయి, ఎక్కడ ఆపవచ్చు?

తార్నాక_చదువరి

ఎక్కడ జాతుల మధ్య గొడవ జరిగినా పత్రికలు "తరతరాల వైరం" అని రాసేస్తాయి. ఆ మాట చదివితే కారణం తెలిసిపోయినట్టే ఉంటుంది గానీ ఏమీ తెలియదు. వైరం తరతరాలదే అయితే రోజూ కొట్టుకుంటూనే ఉండాలి. ఒకే సంతలో కొనుక్కుని, ఒకే బస్సెక్కి తిరిగినవాళ్లు ఫలానా ఏడాది, ఫలానా రాత్రే కత్తులు ఎందుకు పట్టారన్నది నా ప్రశ్న.

మూడు విషయాల మీద తెలిసినవాళ్లు రాయండి. జాతులు, భాషలు ఎక్కువైతే గొడవలు ఎక్కువవుతాయా? పెద్దమనుషులు కూర్చుని రాసుకున్న ఒప్పందాలు ఎందుకు నిలవవు? జిల్లాలో, నగరంలో అధికారి చేతిలో నిజంగా ఏ పనిముట్లు ఉన్నాయి?

జాతి అన్న మాటను మనం దేశానికీ వాడతాం, తెగకూ వాడతాం, కులానికీ వాడతాం. ఇక్కడ మాత్రం భాష, మతం, తెగ, ప్రాంతం, వీటిలో దేన్ని పట్టుకునైనా "మేము వేరు, మీరు వేరు" అనుకునే గుంపు అని తీసుకుందాం.

గణాంకాల_గది

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. టాంజానియాలో 120కి పైగా తెగలున్నాయి. ఏ ఒక్క తెగా ఒంటరిగా రాజ్యాన్ని చేజిక్కించుకునేంత పెద్దది కాదు. స్వాహిలి ఎవరి సొంత సొత్తూ కాదు కాబట్టి అందరి భాషా అయింది. అక్కడ తెగల అంతర్యుద్ధం రాలేదు. సోమాలియాలో దాదాపు అందరిదీ ఒకే భాష, ఒకే మతం. 1991లో ప్రభుత్వం కూలగానే వంశాల వారీగా చీలి కొట్టుకున్నారు. శ్రీలంకలో ప్రధానంగా ఉన్నవి రెండే భాషలు. అక్కడ 26 ఏళ్ల యుద్ధం జరిగింది.

అంటే ఎన్ని గుంపులన్నది కాదు, రాజ్యాన్ని మొత్తంగా మింగగల గుంపు ఉందా, మింగితే మిగతావాళ్లకు ఏ దారి మిగులుతుంది అన్నదే చూడాలి.

ఇంకో లెక్క. రాజనీతి పరిశోధకుడు అశుతోష్ వార్ష్నేయ 1950 నుంచి 1995 దాకా పత్రికల్లో నమోదైన హిందూ-ముస్లిం ఘర్షణలను పోగుచేసి చూస్తే, చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది ఎనిమిది నగరాల్లోనే తేలారు. ఆ ఎనిమిదింటిలో మన హైదరాబాద్ ఒకటి. పల్లెల వాటా 4 శాతం లోపే. మతం దేశమంతా ఉంది, గొడవ మాత్రం కొన్ని ఊళ్లలోనే, ఆ ఊళ్లలోనూ కొన్ని బస్తీల్లోనే ఉంది. కాబట్టి కారణం మతంలోనో భాషలోనో వెతికితే దొరకదు. ఆ ఊళ్లో వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీ శాఖలు రెండు వర్గాలనూ కలిపి నడుస్తున్నాయా, విడివిడిగానా అన్నది చూడాలి. లక్నోలో చికన్ ఎంబ్రాయిడరీ పని ఉదాహరణ తీసుకోండి. సరుకు అమ్మేది ఎక్కువగా హిందువులు, కుట్టుపని చేసేది ఎక్కువగా ముస్లింలు. నాలుగు రోజులు కర్ఫ్యూ పడితే ఇద్దరి పొయ్యీ ఆరిపోతుంది.

పక్కింటివాళ్లతో పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకోవడం మంచిదే, కానీ పెద్ద నగరంలో అది చాలదు. పల్లెలో మొహం చూసి గుర్తుపడతారు. 50 లక్షల మంది ఉన్నచోట కలిపి ఉంచడానికి సభ్యత్వం, చందా, నెలవారీ సమావేశం ఉన్న సంఘం కావాలి.

హిందూమహాసముద్రం

శ్రీలంకను కాస్త నిదానంగా చూడాలి. ఎందుకంటే అక్కడ ప్రతి మెట్టుకూ తేదీ ఉంది. యుద్ధం ఎక్కడినుంచో ఊడిపడలేదు. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చారు.

1948: పౌరసత్వ చట్టం. తేయాకు తోటల్లోని భారత సంతతి తమిళుల్లో అత్యధికులు ఏ దేశ పౌరులూ కానివాళ్లయ్యారు. వెంటనే ఓటూ పోయింది. జాఫ్నా తమిళ నాయకుల్లో కొందరు అప్పుడు ప్రభుత్వం వైపే నిలబడ్డారు. తమ వంతు వస్తుందనుకోలేదు.

1956: సింహళం ఒక్కటే అధికార భాష. ఇంగ్లిష్, తమిళంలో చదువుకుని గుమాస్తా ఉద్యోగాలకు వెళ్లే కుటుంబాలకు ఇది భాష గొడవ కాదు, బతుకుతెరువు గొడవ.

1957: ప్రధాని బండారనాయకే, తమిళ నేత చెల్వనాయకం ఒప్పందం. ప్రాంతీయ మండళ్లు, ఉత్తర తూర్పు ప్రాంతాల పాలనలో తమిళం. అమలైతే చాలావరకు సమస్య అక్కడే తీరేది. ప్రతిపక్షం నుంచి జయవర్ధనే కాండీకి పాదయాత్ర మొదలుపెట్టారు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయిస్తే ఆయన ఒప్పందాన్ని రద్దు చేశారు. మే నెలలో అల్లర్లు. మరుసటి ఏడాది బండారనాయకేను చంపింది ఒక బౌద్ధ భిక్షువే. 1965లో అప్పటి ప్రధాని డడ్లీ సేనానాయకేతో మరో ఒప్పందం జరిగితే, ఈసారి ప్రతిపక్షంలో ఉన్న అవతలి పార్టీ అదే పని చేసింది.

రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మెజారిటీ వర్గం ఓట్ల కోసం రెండు పార్టీలు పోటీపడుతున్నప్పుడు, రాజీ పడిన పార్టీని "అమ్ముడుపోయింది" అనడమే రెండో పార్టీకి తేలిక దారి. ఆ ఆటలో ఎవరు గద్దెనెక్కినా ఒప్పందం చస్తుంది. మైనారిటీ వైపు కూడా ఇదే జరుగుతుంది. రాజీకి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన పెద్దాయన మాట ఇక కుర్రాళ్లు వినరు.

1970ల మొదట్లో విశ్వవిద్యాలయ ప్రవేశాలు మార్చారు. వైద్య విద్యకు తమిళ మాధ్యమం వాళ్లకు 250 మార్కులు కావాలి, సింహళ మాధ్యమం వాళ్లకు 229 చాలు. కుర్రాళ్లు తుపాకీ వైపు తిరిగింది ఈ తరంలోనే. 1976లో వడ్డుకోడ్డై తీర్మానం ప్రత్యేక దేశం అడిగింది. 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబడింది, దాదాపు 97,000 పుస్తకాలు బూడిదయ్యాయి. 1983 జులై 23న 13 మంది సైనికులను తమిళ పులులు (ప్రత్యేక దేశం కోరే సాయుధ గుంపు) చంపారు. మర్నాడు కొలంబోలో అంత్యక్రియల దగ్గర తమిళుల మీద దాడులు మొదలయ్యాయి. గుంపుల చేతుల్లో ఓటరు జాబితాలున్నాయి, ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. కర్ఫ్యూ ఆలస్యంగా పెట్టారు. ఆ ఆగస్టులోనే ఆరో సవరణ తెచ్చి, ప్రత్యేక దేశం మాటెత్తడమే నేరం చేశారు. తమిళ ఎంపీలు సభకు దూరమయ్యారు. మాట్లాడటానికి మిగిలిన చివరి గదికి కూడా తాళం పడింది.

ఇప్పుడు మన దేశాన్ని శ్రీలంకతో పోల్చి చూడండి. 1965 జనవరి 26 నుంచి హిందీ ఒక్కటే కేంద్ర అధికార భాష కావాల్సి ఉంది. మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 1967లో చట్టం సవరించి, హిందీయేతర రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకునేదాకా ఇంగ్లిష్ కొనసాగుతుందని రాసిపెట్టింది. అప్పటి ద్రావిడ ఉద్యమం ప్రత్యేక దేశం మాట వదిలి ఎన్నికల్లో గెలిచి ప్రభుత్వం నడిపింది. రెండు దేశాల్లోనూ దాదాపు ఒకే తప్పు మొదలైంది. ఒక దేశం దాన్ని దిద్దుకుంది.

రాజ్యాంగం_371

దిద్దుకోవడంలోనూ రకాలున్నాయి. దూరం వెళ్లక్కర్లేదు, మన దగ్గరే చూడొచ్చు. ఇది జాతుల గొడవ కాదు, అందరం తెలుగువాళ్లమే. కానీ ఉద్యోగం, చదువు, నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్న అనుమానం ఎలా పెరుగుతుందో, ఒప్పందం ఎలా చెడుతుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ తక్కువ.

1952లో హైదరాబాద్‌లో ముల్కీ (ఉద్యోగాలు స్థానికులకే అన్న) ఆందోళన, కాల్పులు. 1956 ఫిబ్రవరి 20న, ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు, రెండు వైపుల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి ఉంటే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి ఉండాలని అందులో ఉంది. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి నింపలేదు. నింపకపోతే ఎక్కడికి వెళ్లాలి? ఏ కోర్టుకు? ఒప్పందంలో ఆ వాక్యమే లేదు. 1969లో తెలంగాణ ఉద్యమం. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే అటువైపు జై ఆంధ్ర. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని కోసం రాజ్యాంగంలో 371డి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. ఈసారి అంకెలు రాశారు. జిల్లా స్థాయి గుమాస్తా పోస్టుల్లో 80 శాతం స్థానికులకు, పై స్థాయిల్లో 70, 60.

అంకెలు రాసినా చాలలేదు. ఉల్లంఘించి నియమించినవాళ్లను వెనక్కి పంపమని 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. గడువు 1986 మార్చి 31. ఆ గడువు దాటి దశాబ్దాలు గడిచినా ఆ జీవో నంబరు ఉద్యమ నినాదంగానే మిగిలింది. కారణం చాలా మామూలుది: ఎన్ని పోస్టులు, ఎవరు స్థానికులు, ఎవరు కాదు అన్న లెక్క ఏటా బయటపెట్టాల్సిన బాధ్యత ఎవరి మెడకూ కట్టలేదు. ఉల్లంఘించిన శాఖే తన ఉల్లంఘనను లెక్కపెట్టుకోవాలి.

అందుకే ఏ ఒప్పందం చూసినా నేను ముందు వెతికేవి ఇవి: కొలవగలిగే అంకె, గడువు, లెక్క చెప్పే సంస్థ (అమలు చేసే సంస్థ కాకూడదు), తప్పితే వెళ్లాల్సిన కోర్టు. వీటిలో ఒక్కటి లేకున్నా అది కాగితమే.

అయినా ఇక్కడ అంతర్యుద్ధం రాలేదు, 2014లో రాష్ట్రం విడిపోయింది. ఎన్నిక, కోర్టు, పైన కేంద్రం అనే మధ్యవర్తి, ఈ మూడు దారులూ పూర్తిగా మూసుకోలేదు. జాఫ్నావాళ్లకు పైన ఇంకో మెట్టు లేదు. కొలంబోయే ప్రత్యర్థి, కొలంబోయే న్యాయమూర్తి.

పురానాపూల్

అందరు ఇరవై ఏండ్ల ముచ్చట చెప్తున్నరు. మంచిదే. కానీ జిల్లా ఎస్పీకి ఇరవై ఏండ్లు ఉండయి, 48 గంటలు ఉంటయి. అసలు కారణం ఎంత పాతదైనా సరే, రాయి పడ్డంక పది శవాలా, వెయ్యి శవాలా అన్నది ఆ 48 గంటలల్ల తేలుతది. రోజుల తరబడి అల్లరి సాగిందంటే ఆపలేక కాదు, చేతులు కట్టుకున్నందుకే అని నేను గట్టిగ నమ్ముత.

ఊరేగింపు ఉన్నప్పుడు పని నెల ముందు మొదలుగావాలె. కార్ల కాదు, దారి మొత్తం కాలినడకన తిరిగి చూడాలె. ఏం చూడాలె? గుడులు, మసీదులు, దర్గాలు. కట్టుబడి జరుగుతున్న ఇండ్ల ముంగట కంకర, ఇటుక కుప్పలు. అవి ముందే తీపియ్యాలె. వీధి దీపాలు ఎక్కడ ఎలుగుతలేవు. సీసాల పెట్రోలు అమ్మే దుకాణాలు. విగ్రహం ఎత్తు, కరెంటు తీగల ఎత్తు. తీగ తగిలి బండి ఆగితే ఎక్కడ ఆగుతదో అక్కడే నమాజు టైం అయితది, ఆడనే లొల్లి షురూ. అందుకనే టైం పట్టిక బండి వారీగ రాయాలె. మసీదు ముంగట డీజే ఎక్కడ బందు పెట్టాలె, మళ్ల ఎక్కడ పెట్టాలె అన్నది సున్నంతో రోడ్డు మీద గీత గీసి ఇద్దరు పెద్దమనుషులకు సూపెట్టాలె. డీజే బండి ఓనరు పేరు, పాటలు పెట్టే పిల్లగాని పేరు ముందే రాసుకోవాలె. రాయి కన్న ముందు పడేది పాటనే.

మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. 2023ల గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండు సెప్టెంబర్ 28 నాడే పడ్డయి. మిలాద్ జులూస్ పెద్దలు కూసొని మాట్లాడుకుని ఊరేగింపు అక్టోబర్ 1కి మార్చుకున్నరు. 2024ల నిమజ్జనం 17న, జులూస్ 19న. పండుగ తారీకు మారలే, ఊరేగింపు తారీకే మారింది. అంత సన్న తేడా పట్టుకోవాలె. ఆర్డర్ వేసి ఆపితే పంతం అయితది, అడిగి మార్పిస్తే మర్యాద అయితది.

రాయి పడ్డంక ఏం చేయాలె:

కర్ఫ్యూ పెట్టేదుంటే తొందరగ పెట్టాలె, గట్టిగ పెట్టాలె. 1983ల కొలంబో సంగతి పైన రాసిన్రు గదా. సగం కర్ఫ్యూ అంటే ఇండ్లల్ల ఉన్నోళ్లు బందీలు, గుంపులు ఆజాద్. పాత సీఆర్‌పీసీల 144 (గుంపులు కూడొద్దనే ఆర్డర్) ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితల 163. బైండోవర్ (ముందస్తు పూచీకత్తు) పాత 107 ఇప్పుడు 126. మిలిటరీని పిలుసుడు 149. నంబర్లు మారినయి, అధికారం మారలే.

ఎవరన్న సచ్చిపోతే రెండో రోజు మొదటి రోజు కన్న ప్రమాదం. శవయాత్ర! పోస్టుమార్టం ఎక్కడ, శవం ఏ దారిన పోవాలె, ఎంతమంది ఎంట పోవాలె, ఇంటి పెద్దతోని సీనియర్ ఆఫీసరే పోయి మాట్లాడాలె. కానిస్టేబుల్‌తోని కబురు పంపొద్దు.

కర్ఫ్యూ సడలింపు ఒక్కసారి మొత్తం ఇయ్యొద్దు. పాలు, మందులు, రేషను కోసం ముందు రెండు గంటలు, అది కూడ బస్తీ బస్తీకి వేరే టైం. ఆస్పత్రి పాసులు మొదటి పూటనే ఇయ్యాలె. డయాలసిస్ వాళ్లు, కాన్పు దగ్గరపడ్డోళ్లు ఉంటరు.

అరెస్టుల్ల "అటు ఇరవై, ఇటు ఇరవై" అని తూకం వేయొద్దు. దొరికినోన్ని పట్టుడు కాదు, చేసినోన్ని పట్టాలె. తూకం వేసిన్నాడు రెండు దిక్కులా అమాయకులే లోపలికి పోతరు, మల్ల ఏడాది వాళ్ల తమ్ముళ్లు రోడ్డు మీదికి వస్తరు.

గణాంకాల_గది

పురానాపూల్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. పీస్ కమిటీ గొడవ అయ్యాక వేస్తే ఫొటో కోసమే. మహారాష్ట్రలోని భివండీలో 1970, 1984లలో ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1988లో అక్కడి డీసీపీ సురేశ్ ఖోప్డే మొహల్లా కమిటీలు పెట్టించారు. నాయకులను కాదు, ఆ గల్లీలో ఉండే మరమగ్గాలవాళ్లను, దుకాణదారులను, రెండు వర్గాల నుంచీ తీసుకుని పోలీసులతో కలిపి క్రమం తప్పకుండా కూర్చోబెట్టారు. కూర్చున్నది మత సామరస్యం మీద ఉపన్యాసాలకు కాదు. కుళాయి తగాదా, అద్దె తగాదా, పిల్లల తగాదా. 1992-93లో పక్కనే బొంబాయి కాలిపోతుంటే భివండీ చెక్కుచెదరలేదు.

తార్నాక_చదువరి

నేను అడగాలనుకున్నది సరిగ్గా ఇదే. ఒక సందేహం మిగిలింది. ఇప్పుడు పాటకన్నా ముందు పడేది ఫోన్‌లో మెసేజ్. ఇంటర్నెట్ కట్టేస్తే పుకారు ఆగుతుందా?

సికింద్రాబాద్_స్టేషన్

2012 ఆగస్టు గుర్తుచేసుకోండి. అస్సాంలో బోడోలకూ బెంగాలీ ముస్లింలకూ మధ్య ఘర్షణ. దానికి వేల కిలోమీటర్ల దూరంలో బెంగళూరు, పుణె, హైదరాబాద్‌లో ఉన్న ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్లకు "ఫలానా తేదీలోగా వెళ్లిపోండి" అని ఎస్ఎంఎస్‌లు, మార్ఫింగ్ ఫొటోలు. బెంగళూరు నుంచి గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. కేంద్రం మూడు రోజుల్లో ఒక పరిమితి పెట్టింది: 15 రోజులపాటు ఒకేసారి ఐదుగురికి మించి ఎస్ఎంఎస్ వెళ్లకూడదు. మూయలేదు, వేగం తగ్గించింది. 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకే పరిమితం చేసింది కూడా ఇదే సూత్రం మీద. పుకారుకు బలం నిజంలో ఉండదు, వేగంలో ఉంటుంది.

పూర్తిగా కట్టేస్తే ఏమవుతుందో మణిపుర్ చూపించింది. 2023 మే మొదటి వారంలో అక్కడ జాతుల ఘర్షణ మొదలవగానే మొబైల్ ఇంటర్నెట్ ఆపారు, డిసెంబర్ దాకా సరిగా రాలేదు. మే 4న మహిళల మీద జరిగిన దారుణం వీడియో జులై 19న గానీ బయటికి రాలేదు. పుకారు నోటి మాటగా తిరుగుతూనే ఉంది, రుజువు మాత్రం తిరగలేకపోయింది. సాయం అడిగేవాళ్ల గొంతు కూడా నొక్కుకుపోయింది.

ఖండన ఎలా రాయాలన్నది ఎవరూ నేర్పరు. "వదంతులు నమ్మవద్దు" అన్న ప్రకటనకు విలువ లేదు. ఏ వదంతి? ఎక్కడ, ఎన్ని గంటలకు జరిగిందంటున్నారు, అక్కడికి ఎవరు వెళ్లి చూశారు, ఏం కనబడింది? ఇవన్నీ ఉండాలి. ఆ చోటి ఫొటో, టైంతో సహా. ఆ వర్గం చదివే భాషలో. తెలుగులో వేసి ఉర్దూ మర్చిపోయినా, ఇంగ్లిష్‌లో వేసి అస్సామీ మర్చిపోయినా సగం పనే. ఆ వర్గం నమ్మే మనిషి గొంతుతో వాయిస్ మెసేజ్ కూడా వెళ్లాలి. గంటలోపు. మర్నాడు పత్రికలో వచ్చే ఖండన చరిత్రకే పనికొస్తుంది.

హిందూమహాసముద్రం

శ్రీలంకలోనే 2018 ఫిబ్రవరిలో అంపారలో ఒక ముస్లిం హోటల్ తిండిలో సంతానం కలగకుండా చేసే మాత్రలు కలుపుతున్నారని ఫేస్‌బుక్‌లో తిరిగింది. మార్చిలో కాండీ దగ్గర దిగనలో ముస్లింల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు. ప్రభుత్వం ఫేస్‌బుక్ ఆపేసింది, అప్పటికే ఆలస్యమైంది. సింహళంలో వచ్చే విద్వేషాన్ని చదివి తీసేసేవాళ్లు ఆ సంస్థ దగ్గర చాలినంతమంది లేరు. చిన్న భాషలన్నిటికీ ఉన్న ప్రమాదం ఇది.

రాజ్యాంగం_371

మళ్లీ పైస్థాయికి వెళ్తున్నాను, ఎందుకంటే పురానాపూల్ గారి 48 గంటలు బాగా గడవాలంటే ఎస్పీకి పైనుంచి "ఆగు" అన్న ఫోన్ రాకూడదు. ఆ ఫోన్ చేసేవాడికి ఎన్నికల్లో లాభం ఉండకూడదు. ఎన్నికల పద్ధతి ముఖ్యమయ్యేది ఇక్కడే.

తూర్పు ప్రాంతం విడిపోవాలని చేసిన 1967-70 బయాఫ్రా యుద్ధం కాలం నుంచి నైజీరియా నేర్చుకుంటూ వచ్చింది. మూడు పెద్ద జాతులకు మూడు పెద్ద ప్రాంతాలుంటే కేంద్రం కోసం కుస్తీయే. యుద్ధం మొదలయ్యే ముందే రాష్ట్రాలను 12 చేశారు, తర్వాత 19 చేశారు, ఇప్పుడు 36. పెద్ద జాతి కూడా పలు రాష్ట్రాల్లో చీలి, తనలో తాను పోటీపడుతుంది. అధ్యక్షుడు కావాలంటే మొత్తం ఓట్లలో ముందుంటే చాలదు, మూడింట రెండొంతుల రాష్ట్రాల్లో కనీసం 25 శాతం రావాలి. సొంత తెగను రెచ్చగొట్టి గెలవడం కుదరదు. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత వెయ్యిమందికి పైగా చనిపోయాక, 2010 రాజ్యాంగంలో ఇదే నియమం పెట్టి, మూడింట రెండొంతుల కౌంటీల్లో 25 శాతం అన్నారు.

గణాంకాల_గది

చిన్న సవరణ. కెన్యాలో 47 కౌంటీల్లో సగానికి పైగా, అంటే 24. మూడింట రెండొంతులు నైజీరియాది.

రాజ్యాంగం_371

నిజమే, దిద్దినందుకు కృతజ్ఞతలు.

పదవులను జాతుల వారీగా పంచేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. పంచవచ్చు, కానీ మందుకు తగ్గ విషం కూడా ఉంది. లెబనాన్‌లో పదవుల పంపకం 1932 జనాభా లెక్కల మీద నిలబడింది. ఆ తర్వాత అక్కడ జనగణనే జరగలేదు, జరిగితే పంపకం కూలుతుందని భయం. బోస్నియాలో 1995 డేటన్ ఒప్పందం అధ్యక్ష పదవిని బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), క్రొయాట్, సెర్బు ముగ్గురికే ఇచ్చింది. రోమా అయినా, యూదుడైనా పోటీ చేయలేడు. అది వివక్షేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2009లో చెప్పింది. యుద్ధం ఆపిన కట్టే ఇప్పుడు కాలికి సంకెల అయింది.

రువాండా, బురుండీలను పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఎప్పుడూ ఉపయోగపడుతుంది. రెండింటా హుటూలు ఎక్కువ, టుట్సీలు తక్కువ. రెండింటినీ బెల్జియం పాలించింది. రువాండాలో 1930లలో గుర్తింపు కార్డు మీద జాతి రాశారు. 1994లో 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలను, చంపినప్పుడు రోడ్డు మీద అడ్డంకుల దగ్గర అడిగింది ఆ కార్డే. తర్వాత రువాండా జాతి మాటే ఎత్తకూడదంది. బురుండీ తిరగేసి చేసింది: ప్రభుత్వంలో 60 శాతం హుటూ, 40 శాతం టుట్సీ, సైన్యంలో సగం సగం అని అంకె రాసుకుంది. సైన్యంలో సగం సగం అన్నదే అసలు కీలకం. 2015లో అధ్యక్షుడు మూడోసారి నిలబడతానంటే సంక్షోభం వచ్చింది గానీ అది హుటూ-టుట్సీ ఊచకోతగా మారలేదు. నా తీర్పు అడిగితే, తుపాకీ ఎవరి చేతిలో ఉందన్న భయం ఉన్నచోట మొహమాటపడకుండా లెక్క రాయాలి. ఆ భయం పోయాక లెక్కను మెల్లగా తీసేసే గడువు కూడా అందులోనే రాయాలి.

సికింద్రాబాద్_స్టేషన్

గడువుకు ఉదాహరణ ఉంది. ఎక్కువగా ప్రొటెస్టెంట్లే ఉన్న ఉత్తర ఐర్లాండ్ పోలీసుల్లో కాథలిక్కులు దాదాపు 8 శాతమే ఉండేవారు. 1999లో పాటెన్ కమిషన్ చెప్పాక 2001 నుంచి కొత్త నియామకాలు సగం కాథలిక్కులు, సగం మిగతావాళ్లు. 2011 నాటికి వాటా 30 శాతం దగ్గరికి చేరింది, ఆ నియమం ఎత్తేశారు. ఊరేగింపుల విషయం కూడా అక్కడ పోలీసుల నుంచి తీసి 1998లో వేరే కమిషన్‌కు ఇచ్చారు. ఊరేగింపు జరిపేవాళ్లు 28 రోజుల ముందు చెప్పాలి. ఏ దారి, ఏ వాయిద్యం, ఎక్కడ ఆపాలి అన్నది కమిషన్ నిర్ణయిస్తుంది, పోలీసులు అమలు చేస్తారు. నిర్ణయించినవాడి మీద కోపం అమలుచేసేవాడి మీదికి వెళ్లదు. మన నగరాల్లో రెండు పనులూ ఒకే కమిషనర్ నెత్తిన ఉన్నాయి.

తార్నాక_చదువరి

ప్రతి జాతికీ ఒక రాష్ట్రం ఇచ్చేస్తే? మణిపుర్ చర్చలో ఈ మాట తరచూ వినిపిస్తోంది.

నిర్వాహకులు

మణిపుర్ మీద రాసేవాళ్లు ఏ వర్గాన్నీ మొత్తంగా నిందించకుండా రాయండి. ఆ ప్రాంతంవాళ్లు కూడా ఈ నగరంలో మన మధ్య ఉన్నారు.

రాజ్యాంగం_371

ఇథియోపియా 1995 రాజ్యాంగం అదే చేసింది. జాతుల పేర్లతో రాష్ట్రాలు, విడిపోయే హక్కు కూడా. ఏ రాష్ట్రంలోనూ ఒక్క జాతే ఉండదు కదా. ఇన్నాళ్లూ పక్కింటివాడైనవాడు చట్టప్రకారం పరాయివాడయ్యాడు. 2020 నుంచి 2022 దాకా టిగ్రే యుద్ధం.

మన భాషా రాష్ట్రాలు నిలబడటానికి కారణం వేరు. భాష నేర్చుకోవచ్చు, పుట్టుక నేర్చుకోలేం. తెలుగు రాష్ట్రంలోకి వచ్చినవాడి పిల్లలు తెలుగువాళ్లవుతారు. మిజోరం కూడా చూడండి. 1966లో తిరుగుబాటు, 1986 జూన్ 30న ఒప్పందం, మరుసటి ఏడాది రాష్ట్రం, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగానే ముఖ్యమంత్రి. ఆయుధాలు ముందు అప్పగించారు, పదవి వెంటనే దక్కింది. మధ్యలో ఖాళీ ఉంచలేదు.

మణిపుర్‌లో చిక్కు భూమి. లోయ భూభాగంలో పదో వంతు, జనం అందులోనే ఎక్కువ. 60 అసెంబ్లీ స్థానాల్లో 40 లోయవి. కొండల్లో లోయవాళ్లు భూమి కొనలేరు. లోయవాళ్లకు చోటు చాలడం లేదన్న బెంగ, కొండవాళ్లకు ఓటు చాలడం లేదన్న బెంగ. రెండూ నిజమైన బెంగలే. లోయలోని మైతేయీలకు ఎస్టీ హోదా మీద 2023 మార్చి 27 నాటి హైకోర్టు ఉత్తర్వు ఈ రెండు బెంగల మధ్య పడింది.

పురానాపూల్

అక్కడ అన్నిటికన్న పెద్ద తప్పు ఆయుధాలు. పోలీసు ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు పోయినయి. గుంపు చేతికి కర్ర ఉన్నప్పుడు పెద్దమనిషి మాట చెల్లుతది. ఏకే-47 ఉన్నప్పుడు పెద్దమనిషే దాసుకుంటడు. ఏ జిల్లల గొడవ వాసన వచ్చినా మొదటి గంటల చేసే పని ఆయుధాగారానికి డబల్ గార్డు, తుపాకుల బోల్టులు తీసి వేరే చోట పెట్టుడు.

గణాంకాల_గది

ఇళ్లకు తిరిగి వెళ్లే విషయం కూడా ఎవరో ఒకరు రాయాలి. శిబిరాలు ఏడాది దాటితే అవే సరిహద్దులవుతాయి. బోస్నియాలో ఈ ఒక్క పని మాత్రం బాగా జరిగింది. ఎవరి ఇల్లు వాళ్లకే అన్న నియమం పెట్టి, ఆక్రమించుకున్నవాళ్లను ఖాళీ చేయించి, యుద్ధం ముగిసిన పదేళ్లలో దాదాపు 2 లక్షల ఇళ్లు పాత యజమానులకు అప్పగించారు. అందరూ తిరిగి వెళ్లి ఉండలేదు, చాలామంది అమ్ముకున్నారు. కానీ "తరిమితే ఇల్లు మనదే" అన్న లెక్క తప్పింది.

దీనికి మొదటి నెలలోనే కావాల్సినవి: కాలిన ప్రతి ఇంటికీ ఫొటో, సర్వే నంబరు, కరెంటు మీటరు నంబరు, పాత పన్ను రసీదు నకలు. గొడవ మొదలైన తేదీ తర్వాత జరిగిన భూమి రిజిస్ట్రేషన్లు చెల్లవన్న ఉత్తర్వు. శిబిరంలోనే ఆధార్, పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ నకళ్లు ఇచ్చే కౌంటర్. కాగితం పోయినవాడు తిరిగి వెళ్లలేడు.

తార్నాక_చదువరి

చివరిగా ఒకటి. విద్వేష ప్రసంగాల కేసులు ఎందుకు నిలబడవు?

రాజ్యాంగం_371

పాత 153ఏ, ఇప్పుడు న్యాయ సంహితలో 196. కేసు పెట్టడం తేలికే. కానీ కోర్టు విచారణకు తీసుకోవాలంటే నాగరిక్ సురక్షా సంహిత 217 కింద ప్రభుత్వ అనుమతి కావాలి. మాట్లాడినవాడు అధికార పార్టీవాడైతే ఫైలు కదలదు, ప్రతిపక్షంవాడైతే ప్రభుత్వం మారాక కేసు ఉపసంహరించుకుంటారు. అనుమతికి గడువు పెట్టి, గడువు దాటితే ఇచ్చినట్టే అనాలన్నది నా అభిప్రాయం. ఇంకోటి: ప్రసంగం మొత్తం రికార్డు, గొంతు నమూనా, రాతప్రతి అదే వారంలో తీయకపోతే "కత్తిరించిన వీడియో" అంటారు, కేసు పోతుంది.

పురానాపూల్

ప్రసంగం రికార్డు చేసే కానిస్టేబుల్‌కు ఆ భాష రావాలె. ఉర్దూ రానోన్ని పాతబస్తీ సభకు పంపుతరు, తెలుగు రానోన్ని ఇంకో దిక్కు. రాసుకొచ్చేది "ప్రసంగించినారు, జనం చప్పట్లు కొట్టినారు" అని. ఆ కాగితం మీద ఏ జడ్జి శిక్ష వేస్తడు? స్పెషల్ బ్రాంచిల ప్రతి భాషకు ఇద్దరన్న ఉండాలె. ఒకడు సెలవుల పోయిన్నాడే సభ పెడ్తరు.

తార్నాక_చదువరి

అందరికీ కృతజ్ఞతలు. పండుగల కాలం ముందు బస్తీ కమిటీలవాళ్లకు చూపేందుకు పురానాపూల్ గారి దారి పరిశీలన, సికింద్రాబాద్_స్టేషన్ గారి ఖండన పద్ధతి, గణాంకాల_గది గారి కాగితాల పట్టిక విడిగా ఒక పేజీలో పెడతాను. తప్పులుంటే వినాయక చవితికి నెల ముందే చెప్పండి.

పురానాపూల్

ఉర్దూల కూడ పెట్టుండ్రి. చదివి దిద్దేటందుకు నేనున్న.